జార్జి వాషింగ్టన్ తొలి ఎన్నిక - అంతరంగ స్పందన

అమెరికా సంయుక్త రాష్ట్రాల మొట్టమొదటి అధ్యక్షునిగా జార్జి వాషింగ్టన్ (1732 - 1799) 1789లో ఏకగ్రీవంగా ఎన్నికైనాడు. ఎన్నిక సమయంలో ఆయన బహిరంగంగా పలికిన మాటలు కొన్ని మాత్రమే. ఆప్తమిత్రులకు వ్రాసిన ఉత్తరాలలోనూ, దినచర్య పుస్తకంలోనూ వెలిబుచ్చిన మనోభావాలు మాత్రం అనేకం. వాటిలో విజయానందం దాదాపు కనిపించదు. భయము, అప్పుల చింత, ఇల్లు విడిచిపోతున్న బాధ, ఉన్న మంచిపేరు పోతుందేమోనన్న బెంగ కనిపిస్తాయి. అమెరికా చరిత్రను అధ్యయనం చేసేవారికి ఈ ఉత్తరాలు ముఖ్యమైన ఆధారాలు. మన రాష్ట్రంలో ఈ విషయంపై పరిశోధనకు చాలాకాలం ప్రధాన కేంద్రంగా ఉన్నది హైదరాబాదులో తార్నాకను ఆనుకొని ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం.

నేపథ్యము

బ్రిటిషు వారితో జరిగిన స్వాతంత్ర్య యుద్ధంలో అమెరికా సేనలకు నాయకత్వం వహించిన వాషింగ్టన్, యుద్ధం ముగిసిన తరువాత 1783 డిసెంబరు 23న అన్నాపొలిస్ నగరంలో తన సర్వసేనాని పదవికి రాజీనామా చేశాడు. ఇకమీదట ప్రజావ్యవహారాలలో పాలుపంచుకోనని అంతకుముందే రాష్ట్రాల గవర్నర్లకు లేఖ ద్వారా తెలియజేశాడు. ఆ తరువాత వర్జీనియాలో పొటోమాక్ నది ఒడ్డున ఉన్న తన ఎస్టేటు మౌంట్ వెర్నన్ చేరి వ్యవసాయంలో మునిగిపోయాడు. మన పెద్దలు చెప్పే వానప్రస్థం వంటిదే ఇది. అయితే ఈ వానప్రస్థానికి అడవి అక్కరలేదు, వేల ఎకరాల పొలం ఉన్నది.

1787లో ఫిలడెల్ఫియాలో జరిగిన రాజ్యాంగ సభకు ఆయనే అధ్యక్షత వహించవలసి వచ్చింది. కొత్త రాజ్యాంగం అమలులోకి రాగానే దేశాధ్యక్ష పదవికి అందరూ ఆయన పేరే చెప్పుకోసాగారు. అలెగ్జాండర్ హామిల్టన్ 1788 ఆగస్టు నుండి ఉత్తరాల మీద ఉత్తరాలు వ్రాసి ఒత్తిడి చేశాడు. రాజ్యాంగానికి మీ పేరు అరువిచ్చి, దానిని నడిపే వేళకు పక్కకు తప్పుకుంటే మీ కీర్తికే ఎక్కువ నష్టం అన్నది హామిల్టన్ వాదన సారాంశం. వాషింగ్టన్ ఆయువుపట్టు ఎక్కడున్నదో ఆ యువకునికి బాగా తెలుసుననాలి. అక్టోబరు 3న వ్రాసిన జవాబులో, ఈ విషయం తలపుకు వచ్చినప్పుడల్లా తన మనసును ఒక విధమైన దిగులు కమ్ముకొంటున్నదని వాషింగ్టన్ ఒప్పుకొన్నాడు. పదవులు వద్దని లోకానికి మాట ఇచ్చి మళ్ళీ పదవిని చేపడితే మాట తప్పినవాడనీ, అధికారదాహం గలవాడనీ అంటారన్నది ఆయన భయం.

ఎన్నిక జరిగిన తీరు

నేటి ఎన్నికలతో దీనికి పోలిక లేదు. అభ్యర్థిత్వ ప్రకటన లేదు, పార్టీలు లేవు, ప్రచారం లేదు. రాష్ట్రాల వారీగా ఎంపికైన ఎలెక్టర్లు 1789 ఫిబ్రవరి 4న తమ తమ రాష్ట్రాలలో సమావేశమై ఒక్కొక్కరు రెండేసి ఓట్లు వేశారు. ఉత్తర కరొలినా, రోడ్ ఐలండ్ రాష్ట్రాలు అప్పటికి రాజ్యాంగాన్ని ఆమోదించలేదు. న్యూయార్కు శాసనసభలో తగవు తెగక ఎలెక్టర్లను పంపలేకపోయింది. మిగిలిన పది రాష్ట్రాల నుండి ఓటు వేసిన 69 మంది ఎలెక్టర్లూ తమ రెండు ఓట్లలో ఒకదానిని వాషింగ్టన్‌కే వేశారు. 34 ఓట్లతో రెండవ స్థానంలో నిలిచిన జాన్ ఆడమ్స్ ఉపాధ్యక్షుడైనాడు.

ఫలితం ఏమిటో అందరికీ ముందే తెలుసు, కాని అధికారికంగా ప్రకటించడానికి రెండు నెలలు పట్టింది. కొత్త కాంగ్రెసు మార్చి 4న న్యూయార్కులో సమావేశం కావలసి ఉండగా, శీతకాలపు చెడ్డదారులలో సభ్యులు సకాలంలో చేరుకోలేక కోరం కుదరలేదు. దిగువ సభకు ఏప్రిల్ 1న, సెనేటుకు ఏప్రిల్ 6న కోరం కుదిరింది. ఆ ఏప్రిల్ 6నే ఓట్లు లెక్కించారు. ఈ రెండు నెలల నిరీక్షణ కాలమే వాషింగ్టన్ అంతరంగాన్ని మనకు తెలియజేసే ఉత్తరాలకు కారణమైంది.

అప్పు కోసం లేఖ

దేశాధ్యక్షుడు కాబోతున్న వ్యక్తి ప్రయాణపు ఖర్చులకు అప్పు చేయవలసి వచ్చిందంటే పాఠకులకు ఆశ్చర్యం కలుగవచ్చు. వాషింగ్టన్‌కు భూములు విస్తారంగా ఉన్నా చేతిలో రొక్కం లేదు. పంటలు సరిగా పండలేదు, రావలసిన బాకీలు రాలేదు. 1789 మార్చి 4న ఆయన అలెగ్జాండ్రియా పట్టణంలోని రిచర్డ్ కాన్వే అనే వర్తకునికి లేఖ వ్రాసి 500 పౌన్లు అప్పు అడిగాడు. వడ్డీకి అప్పు చేయవలసిన గతి తనకు పడుతుందని ఎన్నడూ అనుకోలేదని అందులో వాపోయాడు. రెండు రోజుల తరువాత, న్యూయార్కు ప్రయాణం కోసం మరొక నూరు పౌన్లు కావాలని మరల వ్రాశాడు. పాత బాకీలు తీర్చకుండా ఊరు విడిచి వెళ్ళడం ఆయనకు ఇష్టం లేదు. చేనుచెలక ఉండి చేతిలో పైసా లేని రైతు పరిస్థితి మన పల్లెలలో తెలియనిది కాదు గనుక ఈ ఘట్టానికి వ్యాఖ్యానం అక్కరలేదు.

అదే నెలలో ఆయన ఫ్రెడరిక్స్‌బర్గ్ వెళ్ళి తల్లి మేరీ వాషింగ్టన్‌ను చూసి వచ్చాడు. ఆమె అప్పటికి రొమ్ము క్యాన్సరుతో బాధపడుతున్నది. ఆమెను చూడటం అదే కడసారి అయింది. 1789 ఆగస్టు 25న, కుమారుడు న్యూయార్కులో ఉండగా, ఆమె మరణించింది. పొలం పనుల పర్యవేక్షణను మేనల్లుడు కాదు, అన్నదమ్ముల బిడ్డయైన జార్జి ఆగస్టీన్ వాషింగ్టన్‌కు అప్పగిస్తూ మార్చి 31న సుదీర్ఘమైన సూచనలు వ్రాసి ఇచ్చాడు.

నాక్స్‌కు వ్రాసిన ఉత్తరం

అన్నిటిలోకి ప్రసిద్ధమైనది 1789 ఏప్రిల్ 1న హెన్రీ నాక్స్‌కు వ్రాసిన ఉత్తరం. నాక్స్ బోస్టన్‌లో పుస్తకాల దుకాణం నడిపి, యుద్ధకాలంలో ఫిరంగిదళానికి అధిపతియై, వాషింగ్టన్‌కు అత్యంత విశ్వాసపాత్రుడైనవాడు. అప్పుడు న్యూయార్కులోనే ఉండి కాంగ్రెసు ఆలస్యం గురించి ఎప్పటికప్పుడు తెలియజేస్తున్నాడు. ఆ ఆలస్యాన్ని గురించి వాషింగ్టన్ వ్రాసినదాని భావం ఇది: ఈ జాప్యం తనకు శిక్ష వాయిదా పడినట్లుగా ఉన్నది. లోకానికి చెబితే ఎవరూ నమ్మరు, మీతో రహస్యంగా చెబుతున్నాను. పాలనాపీఠం వైపు వేసే అడుగులు వధ్యస్థలానికి నడిచే నేరస్థుని మనోభావాల వంటి భావాలతో కూడి ఉంటాయి. ప్రజాసేవలోనే దాదాపు ఖర్చయిపోయిన జీవితపు సాయంకాలంలో ప్రశాంతమైన ఇంటిని వదలి కష్టాల కడలిలోకి దిగాలని లేదు. చుక్కాని పట్టడానికి కావలసిన రాజకీయ నైపుణ్యము, శక్తి, ఇష్టము తనకు లేవు. ఋజువర్తన, దృఢత్వం మాత్రమే తాను ఇవ్వగల వాగ్దానాలు.

ఇక్కడ గమనించవలసిన మాట ఒకటున్నది. ఆయన భయం ప్రాణానికి సంబంధించినది కాదు. ఎనిమిదేళ్ళు యుద్ధరంగంలో నిలిచిన మనిషికి గుండ్ల చప్పుడు కొత్త కాదు. తనవద్ద ఉన్న ఒకే ఒక ఆస్తి అని ఆయన తలచినది మంచిపేరు. ఇంతకుముందు ఎవరూ చేయని ఉద్యోగంలో, ఒక్క ఏడాది క్రితమే పుట్టిన రాజ్యాంగం కింద, తాను విఫలుడైతే తన పేరుతోబాటు దేశం కూడా చెడుతుందని ఆయన అనుకొన్నాడు. కూటమిగా ఉన్న రాష్ట్రాలు విడిపోయే ప్రమాదం ఆ రోజులలో ఊహ కాదు.

వార్త చేరిన రోజు

కాంగ్రెసు కార్యదర్శి చార్లెస్ థామ్సన్ ఏప్రిల్ 7న న్యూయార్కులో బయలుదేరి, వర్షాలను, నదులను దాటుకొంటూ ఏప్రిల్ 14న మధ్యాహ్నం వేళకు మౌంట్ వెర్నన్ చేరాడు. ముందుగా సిద్ధం చేసుకొన్న ప్రసంగం చదివి ఎన్నిక వార్తను నివేదించాడు. వాషింగ్టన్ కూడా ముందుగా సిద్ధం చేసుకొన్న జవాబునే చదివాడు. ఎల్లుండే ప్రయాణమని అందులోనే చెప్పాడు. ఇరువురూ పాతపరిచయస్తులే అయినా ఒకరికొకరు కాగితాలు చదివి వినిపించుకొన్న ఈ దృశ్యంలో బిడియం, గాంభీర్యం రెండూ ఉన్నాయి.

ఏప్రిల్ 16న ఉదయం సుమారు పది గంటలకు, థామ్సన్, డేవిడ్ హంఫ్రీస్ వెంట రాగా వాషింగ్టన్ బయలుదేరాడు. ఆ రోజు దినచర్యలో, మౌంట్ వెర్నన్‌కు, ఏకాంత జీవనానికి, గృహసౌఖ్యానికి వీడ్కోలు చెప్పాననీ, మాటలలో చెప్పలేనంత ఆందోళనతో మనసు బరువెక్కి ఉన్నదనీ, దేశం పిలుపుకు విధేయుడనై వెళ్తున్నా ఆ దేశం ఆశలను నెరవేర్చగలనన్న నమ్మకం తక్కువనీ వ్రాసుకొన్నాడు. ఈ కాలపు దినచర్య పుస్తకం మూలప్రతి నేడు లభించడం లేదు. తొలితరం జీవితచరిత్రకారులు ఎత్తివ్రాసుకొన్న భాగాలే మనకు మిగిలాయి.

భార్య మార్తా వెంట వెళ్ళలేదు. ఏప్రిల్ 20న ఒక బంధువుకు వ్రాసిన లేఖలో, భర్త మరల ప్రజాజీవితంలోకి వెళ్ళడానికి వయసు మించిపోయిందని తన అభిప్రాయమనీ, కాని అది తప్పించుకోరానిది అయిందనీ వ్రాసింది. మనుమలిద్దరినీ వెంటబెట్టుకొని ఆమె మే నెలాఖరులో న్యూయార్కు చేరింది.

దారిపొడుగునా

పొరుగు పట్టణమైన అలెగ్జాండ్రియాలో ఇచ్చిన విందులో ఆయనకు గొంతు పెగలలేదు. మిగిలిన మాటలను మౌనానికి వదిలివేస్తున్నానన్న భావంతో ముగించాడు. ఆ తరువాత ప్రతి ఊరిలోనూ తోరణాలు, ఫిరంగి వందనాలు, గుర్రపు దళాలు. 1776 డిసెంబరులో తాను విజయం సాధించిన ట్రెంటన్ పట్టణంలో స్త్రీలు, బాలికలు తోరణం కట్టి పాటలు పాడుతూ పూలు చల్లారు. నాటి యుద్ధానికీ నేటి స్వాగతానికీ గల వైరుధ్యం తనను కదిలించిందని వారికి కృతజ్ఞతాలేఖ పంపాడు.

ఏప్రిల్ 23న ఎలిజబెత్‌టౌన్ వద్ద పదముగ్గురు పడవవాళ్ళు తెడ్లు వేసే ప్రత్యేకమైన నావలో న్యూయార్కు రేవుకు చేరాడు. ఒడ్డున జనసంద్రం. ఆ సందర్భంగా దినచర్యలో వ్రాసుకొన్న భావం విశేషమైనది. ఈ జయధ్వానాలు ఆనందాన్ని ఇచ్చినంతగా బాధను కూడా ఇచ్చాయి, ఎంత మేలు చేయబోయినా చివరకు ఈ దృశ్యం తలకిందులు కావచ్చు గదా అని ఆయన తలపోశాడు. పూలదండలు వేసిన చేతులే రాళ్ళు వేయగలవని వేయించుకోకముందే తలచిన నాయకులు అరుదు. నిజానికి రెండవ పదవీకాలంలో పత్రికలు ఆయనను తీవ్రంగా దూషించాయి.

ఏప్రిల్ 30న ఫెడరల్ హాలు వసారాలో, న్యూయార్కు రాష్ట్ర ఛాన్సలర్ రాబర్ట్ లివింగ్‌స్టన్ ప్రమాణం చేయించాడు. స్వదేశీ మిల్లులో నేసిన గోధుమరంగు బట్టతో కుట్టిన దుస్తులను ఆ రోజు ధరించాడు. ప్రారంభోపన్యాసం చదువుతుండగా ఆయన చేతులు వణికాయనీ, ఫిరంగుల ఎదుట కూడా ఆయన ఇంతగా చలించి ఉండడనీ సెనేటరు విలియం మెక్లే తన దినచర్యలో వ్రాశాడు. మెక్లే సులభంగా ఎవరినీ పొగిడే మనిషి కాడు గనుక ఆ సాక్ష్యానికి విలువ ఎక్కువ.

చిరిగిన ఉపన్యాసం

ఆ రోజు చదివినది జేమ్స్ మాడిసన్ సహాయంతో తయారైన చిన్న ప్రసంగం. దానికంటె ముందు హంఫ్రీస్ తయారు చేసిన 73 పుటల చిత్తుప్రతి ఒకటి ఉండేది. అధికారం వారసత్వంగా ఇవ్వడానికి తనకు సంతానం లేదన్న విషయం కూడా అందులో ఉన్నది. మాడిసన్ సలహాపై దానిని పక్కన పెట్టారు. 19వ శతాబ్దిలో వాషింగ్టన్ పత్రాలను సంపాదకత్వం చేసిన జేర్డ్ స్పార్క్స్, అది చదివిన ఉపన్యాసం కాదు గదా అని, వాషింగ్టన్ చేతివ్రాత కావాలని అడిగినవారికల్లా దానిని ముక్కలు ముక్కలుగా కత్తిరించి పంచిపెట్టాడు. ఒక దేశాధ్యక్షుని మనోగతం ఈ విధంగా జ్ఞాపికలైపోవడం చరిత్ర విద్యార్థులకు తీరని నష్టం. ఆ ముక్కలలో కొన్నిటిని తరువాత వెదకి కూర్చారు.

నిజమైన విముఖతా? మర్యాదా?

పదవి వద్దనడం ఆ కాలపు పెద్దమనుషుల మర్యాద అనీ, అందువలన ఈ ఉత్తరాలను యథాతథంగా నమ్మరాదనీ కొందరు చరిత్రకారుల అభిప్రాయం. ఈ వాదంలో కొంత సత్యం ఉన్నది. రెండవసారి కూడా 132 ఎలెక్టర్ల ఓట్లతో ఏకగ్రీవంగా ఎన్నికైన తరువాత 1793 జనవరిలో హెన్రీ లీకి వ్రాసిన ఉత్తరంలో, మరల పదవీభారం మోయడం ఆనందంగా ఉన్నదంటే అబద్ధమవుతుందని అంటూనే, తీరా పేరు రంగంలో ఉన్నాక గౌరవప్రదమైన ఓట్లు రాకపోయినట్లయితే క్షణకాలం మనసు నొచ్చుకొనేదని నిజాయితీగా ఒప్పుకొన్నాడు. వద్దనుకొనే మనసు, కావాలనుకొనే మనసు రెండూ ఒకే మనిషిలో ఉండడానికి ఇంతకంటె మంచి సాక్ష్యం దొరకదు. బాల్యంలో చెర్రీచెట్టు నరికి నిజం చెప్పాడన్న కథ మన పాఠశాలలలో కూడా ప్రచారంలో ఉన్నది, కాని అది వీమ్స్ అనే రచయిత కల్పన. వాషింగ్టన్ సత్యసంధతకు ఉదాహరణ కావాలంటే ఉపాధ్యాయులు ఈ ఉత్తరాన్ని చెప్పవచ్చు.

మరొక అంశం ఈ ఉత్తరాలలో లేనిది. ఆయన విడిచిపోలేక బాధపడిన గృహసౌఖ్యం రెండువందలకు పైగా బానిసల చాకిరీపై నిలిచినది. న్యూయార్కు గృహానికి ఏడుగురు బానిసలను తీసుకొనివెళ్ళారు. యుద్ధమంతా యజమాని వెన్నంటి ఉన్న విలియం లీ, మోకాళ్ళు దెబ్బతిని ఉండి కూడా ప్రయాణం కట్టి, ఫిలడెల్ఫియాలో వైద్యానికి ఆగిపోయి, తరువాత న్యూయార్కు చేరాడు. మార్తాకు పరిచర్య చేసిన ఓనా జడ్జ్ అనే యువతి 1796లో ఫిలడెల్ఫియా నుండి పారిపోయి స్వేచ్ఛ పొందింది. ఇల్లు విడిచిన రోజు వీరి మనసులో ఏముండెనో ఏ దినచర్యలోనూ లేదు.

తెలుగువారికి దీనికి దగ్గరగా తోచే ఉదాహరణ పి.వి.నరసింహారావుది. ఆయన 1991 లోక్‌సభ ఎన్నికలలో పోటీ చేయక, ఢిల్లీ వదలి హైదరాబాదు చేరే ప్రయత్నంలో ఉండగా, మే 21న రాజీవ్ గాంధీ హత్య జరిగింది. జూన్ 21న పి.వి. ప్రధానమంత్రిగా ప్రమాణం చేశాడు. పార్లమెంటు సభ్యత్వం కోసం నవంబరులో నంద్యాల ఉప ఎన్నికలో గెలిచాడు. ఖజానా ఖాళీగా ఉన్న వేళ పదవి చేపట్టడం ఇద్దరికీ సమానమే. అయితే పి.వి. ఆత్మకథాత్మక నవల కథాకాలం ప్రధాని పదవి దాకా రాదు.

తరువాతి అధ్యక్షులు

1796లో 71-68 ఓట్ల తేడాతో గెలిచిన జాన్ ఆడమ్స్, ప్రమాణస్వీకారం మరునాడు భార్య అబిగెయిల్‌కు వ్రాసిన ఉత్తరంలో వాషింగ్టన్ ముఖంలోని సంతోషాన్ని వర్ణించాడు. నేను బయటపడ్డాను, నీవు చిక్కావు, ఇద్దరిలో ఎవరు సుఖపడతారో చూద్దాం అన్నట్లు ఆ చూపు ఉన్నదట. 1800 ఎన్నికలో థామస్ జెఫర్సన్, ఆరన్ బర్ చెరి 73 ఓట్లతో సమానం కాగా 1801 ఫిబ్రవరి 17న 36వ విడత ఓటింగులో గాని జెఫర్సన్ గెలవలేదు. 1825 ఫిబ్రవరి 9న ప్రతినిధుల సభ ద్వారా ఎన్నికైన జాన్ క్విన్సీ ఆడమ్స్, వీలుంటే తాను తప్పుకొని మళ్ళీ ఎన్నిక జరిపించడానికి వెనుదీయననే భావంతో జవాబిచ్చాడు.

ఉస్మానియా ప్రాంగణంలో అధ్యయనం

1964లో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో అమెరికన్ స్టడీస్ రిసెర్చ్ సెంటర్ అనే స్వతంత్ర సంస్థ ఏర్పడింది. అమెరికా చరిత్ర, సాహిత్యం, రాజనీతిశాస్త్రం మీద లక్షకు పైగా గ్రంథాలను సమకూర్చిన దీని గ్రంథాలయం, ఈ విషయంలో అమెరికా వెలుపల ఉన్న పెద్ద గ్రంథాలయాలలో ఒకటిగా పేరు పొందింది. ఇండియన్ జర్నల్ ఆఫ్ అమెరికన్ స్టడీస్ అనే పత్రికను కూడా ఈ సంస్థ వెలువరించింది. దేశం నలుమూలల నుండి పరిశోధకులు ఇక్కడికి వచ్చి, ప్రాంగణంలోని వసతిగృహంలో ఉండి చదువుకొనేవారు. తీగ అనే అర్థం గల తార్, చౌకీ అనే అర్థం గల నాకా కలిసి తార్నాక అయినదని చెబుతారు. ఆ పేటలో అద్దెగదులలో ఉండి కాలినడకన విశ్వవిద్యాలయానికి వెళ్ళే విద్యార్థులు ఎందరో. అంతర్జాలం లేని ఆ రోజులలో అమెరికా అధ్యక్షుల పత్రాల వంటి ఖరీదైన గ్రంథసంపుటాలు సొంతంగా కొనడం సాధారణ పరిశోధకునికి అసాధ్యం. జాన్ ఫిట్జ్‌పాట్రిక్ సంపాదకత్వంలో 1931 - 1944 మధ్య వెలువడిన వాషింగ్టన్ రచనలే 39 సంపుటాలు.

అమెరికా నుండి వచ్చే నిధులు తగ్గిన తరువాత ఈ సంస్థ ఇండో-అమెరికన్ సెంటర్ ఫర్ ఇంటర్నేషనల్ స్టడీస్‌గా పేరు మార్చుకొన్నది. ఆపై ఉస్మానియా విశ్వవిద్యాలయ అంతర్జాతీయ కార్యక్రమాల కేంద్రంగా విశ్వవిద్యాలయంలో భాగమైనది. వాషింగ్టన్ పత్రాల సమగ్ర ముద్రణను వర్జీనియా విశ్వవిద్యాలయం 1968లో చేపట్టింది. 2013లో అమెరికా జాతీయ పత్రాగారం ఆ ఉత్తరాలను అంతర్జాలంలో ఉచితంగా ఉంచింది. నాక్స్‌కు వ్రాసిన ఉత్తరం, కాన్వేను అప్పు అడిగిన రెండు ఉత్తరాలు అందులో చదువవచ్చు.